అత్తగారి ఊరి బాటకు తగిన టైరు

ఈ సంచికకు ప్రయాణాల మీద ఏదైనా రాయమని సంపాదకవర్గంలోని మిత్రులు అడిగినప్పుడు కొంచెం వెనుకాడాను. కాశీ, కేదారం, అమెరికా చూసివచ్చినవాళ్ళు మన సంఘంలో బోలెడుమంది ఉండగా నేనేం రాసేది? కొన్నేళ్ళుగా నేను చేస్తున్న యాత్ర ఒక్కటే. బెంగుళూరు నుంచి పావగడ తాలూకాలోని మా అత్తగారి ఊరికి, నెలకొకసారి, మోటారు సైకిలు మీద, వెనుక మా శ్రీమతిని కూర్చోబెట్టుకుని. దాని గురించే రాస్తున్నాను. అందులోనూ బండి టైర్ల గురించి. ఆడవాళ్ళు పేజీ తిప్పేయకండి. ఈ కథలో చెయ్యి విరిగింది మా ఇంటావిడకే.

నాకు యాభై ఏడేళ్ళు. అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో బీకాం చదివి 1991లో బ్యాంకులో చేరాను. 1995లో పావగడకు బదిలీ చేశారు. కర్ణాటక అన్నారు కదా అని నెలరోజులు కూర్చుని కన్నడ నేర్చుకుని బయల్దేరాను. బస్సు దిగి హోటల్లో "తిండి ఏనిదె?" అని కష్టపడి అడిగితే సర్వరు నా మొహం చూసి, "ఇడ్లీ ఉంది, దోసె ఉంది, ఏం కావల్ల సార్?" అన్నాడు. మ్యాపు చూస్తే సంగతి తెలుస్తుంది. పావగడ తుమకూరు జిల్లాలో ఉందన్నమాటే గాని, దాదాపు చుట్టూ ఆంధ్రదేశమే. అటు మడకశిర, ఇటు పెనుకొండ, పైన కళ్యాణదుర్గం. ఆ అంచులో చాలా భాగం 2022 దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. ఇళ్ళలో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. మా అత్తగారు తెలుగులో పద్యాలు కూడా చెప్పగలరు, కానీ పాల లెక్క రాసుకునేది కన్నడ అక్షరాల్లో. "పాలు మూడు సేర్లు" అని తెలుగు మాటనే కన్నడ లిపిలో రాస్తారు. మన పిల్లలు తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తున్నారని విసుక్కునేటప్పుడల్లా నాకు ఆ పాల లెక్క గుర్తొచ్చి నోరు మూసుకుంటాను.

సరే, ఆ రోజుల్లో బ్యాంకు పని మీద ఊళ్ళు తిరగడానికి నాకొక సెకండ్‌హాండ్ వంద సీసీ బండి ఉండేది. సన్నటి చక్రాలు, సైకిలుకు అన్నలా. ఆ టైర్లతోనే గరుసు రోడ్లు, వంకలు, సెనక్కాయ చేలు అన్నీ తిరిగాను. పడ్డాను కూడా, లెక్కపెట్టలేదు. ఇరవై ఏడేళ్ళ వయసులో పడటం ఒక ముచ్చట. వెనుక ఎవరూ ఉండేవారు కాదు.

ఆ ఊళ్ళలోనే సంబంధం కుదిరింది. నాగలమడికెకు అవతల ఒక చిన్న పల్లె. నాగలమడికె పేరు మీలో చాలామంది వినే ఉంటారు. కుక్కె ఆది సుబ్రహ్మణ్యం, ఘాటి మధ్య సుబ్రహ్మణ్యం, ఇది అంత్య సుబ్రహ్మణ్యం అంటారు. గుడి ఉత్తర పినాకిని ఒడ్డున ఉంటుంది, అంటే మన పెన్నేరే. నెల్లూరు దగ్గర సముద్రమంత వెడల్పుగా చూసినవాళ్ళు ఇక్కడ చూస్తే నమ్మరు. ఏడాదిలో చాలా నెలలు ఇసుకే.

మామగారు పోయాక అత్తగారు బెంగుళూరు రానన్నారు. ఎనభై మూడేళ్ళు. బీపీ మాత్రలు, కంటి చుక్కల మందు, రెండు నెలలకొకసారి చక్కెర పరీక్ష. అవన్నీ చూసుకోవడానికే ఈ నెలవారీ యాత్ర. కారు లేదా అని అడుగుతారు. ఉంది, మా అబ్బాయి దగ్గర. బస్సులో పావగడ దాకా సుఖంగానే పోవచ్చు, అక్కణ్ణుంచి నాగలమడికెకూ పోవచ్చు. ఆ పైన ఆరు కిలోమీటర్లే చిక్కు. అసలు కారణం అది కూడా కాదనుకోండి. పాత కోరిక ఒకటుంది. రిటైరయ్యేలోగా పెద్ద బండి ఒకటి కొనాలని. ఒక సెకండ్‌హాండ్ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ కొన్నాను. 2016లో వచ్చిన రకం. ముందు చక్రం ఇరవైయొక్క అంగుళాలు, వెనుకది పదిహేడు, స్పోకుల రిమ్ములు, లోపల ట్యూబులు. తారు మీదా పోతుంది, మట్టిలోనూ పోతుంది. ఈ జాతి బండ్లు కొత్తవి కావు. 1980లో జర్మనీలో బీఎండబ్ల్యూ వాళ్ళు ఆర్ 80 జీ/ఎస్ అని ఒకటి తెచ్చారు. ఆ రెండు అక్షరాలకు వాళ్ళ భాషలో అర్థం "నేల, వీధి". మన పల్లెలో వంద సీసీ బండి మీద పాలక్యాను కట్టుకుని చేలగట్ల వెంట పోయేవాడికి ఆ పేరు ఎవరూ పెట్టలేదు గాని, పని అదే.

బండి కొన్నప్పుడున్న వెనుక టైరు ఏడాదికి అరిగింది. మార్చాల్సి వచ్చింది. అప్పుడు చేశాను తప్పు.

కామర్సు చదివినవాడికి అంకెలంటే నమ్మకం. ఇంటి నుంచి అత్తగారి గుమ్మం దాకా నూట డెబ్బై అయిదు కిలోమీటర్లు, రానూపోనూ 350. అందులో మట్టి బాట ఆరూ ఆరూ పన్నెండు. అంటే నూటికి మూడున్నర కూడా కాదు. తొంభై ఆరున్నర వంతు తారు మీద తిరిగే బండికి మట్టి టైరెందుకు? నున్నటి గాట్లున్న రోడ్డు టైరు వేయించాను. చప్పుడు లేదు, మెత్తగా పోతుంది, వానలో తారును బాగా పట్టుకుంటుంది, ఎక్కువ కాలం వస్తుంది. ఇంటావిడ, బియ్యం మూట, మందుల సంచి అన్నీ ఉన్నాయి కదా అని గాలి కూడా గట్టిగా, నలభై దాకా కొట్టించాను. దబ్బస్‌పేట, కొరటగెరె, మధుగిరి మీదుగా హాయిగా పోయాం. మధుగిరి ఏకశిలా కొండ, ఆ పైన మిడిగేశి కొండ, మధ్యలో చింతచెట్ల నీడన కాఫీ. "ఈసారి బండి విమానంలా ఉందండీ," అన్నది కూడా ఆవిడే.

పల్లెకు రెండు కిలోమీటర్లుందనగా, వంకలోకి దిగే చోట కొత్తగా గరుసు తోలి ఉన్నారు. గులకరాళ్ళ మీద గోళీల మీద నడిచినట్టయింది. కొంచెం బ్రేకు తొక్కాను. వెనుక చక్రం నన్ను అడక్కుండానే పక్కకు పోయింది. వేగం ఇరవై కూడా లేదు. నాకు మోకాలు గీరుకుంది. ఆవిడ ఎడమచెయ్యి నేలకు ఆన్చింది. మణికట్టు ఎముక విరిగింది. బియ్యం మూట చెక్కుచెదరలేదు.

ఆరు వారాలు కట్టు. ఆ తర్వాత వేళ్ళు ఆడించే వ్యాయామాలు. మూడు నెలలు మేం ఊరికి పోలేదు. అత్తగారికి మేం నిజం చెప్పలేదు, ఆఫీసు ఆడిటు అన్నాను. ఆమె ఫోనులో, "ఆడిట్ అయినంక రాండప్పా, నాకేం తొందర?" అనేవారు. చుక్కల మందు అయిపోయి పది రోజులైందని మాత్రం పక్కింటి పిల్ల చెబితే తెలిసింది.

ఆ మూడు నెలల్లో నేను టైర్ల గురించి చదివినంతగా సీఏఐఐబీ పరీక్షకు కూడా చదవలేదు. తప్పెక్కడుందో ముందు తెలిసింది. నేను కిలోమీటర్లు లెక్కపెట్టాను, పడే చోట్లు లెక్కపెట్టలేదు. ముప్ఫై ఏళ్ళు అప్పులిచ్చే ఉద్యోగం చేసి ఈ పొరపాటు చేశానంటే సిగ్గేసింది. వందమందికి లోనిస్తే తొంభై ఆరుగురు సక్రమంగా కట్టేస్తారు. బ్రాంచిని ముంచేది మిగతా నలుగురు. వాళ్ళ వాటా ఎంతని కాదు, వాళ్ళు ఎగ్గొడితే పోయేదెంతని చూడాలి.

టైరు మీద అచ్చేసిన రాతలు చాలామంది చదవరు. చదవడం వస్తే మోసపోయే అవకాశం సగం తగ్గుతుంది. నా ముందు టైరు మీద 90/90-21 అని ఉంటుంది. మొదటి 90 వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండో 90 టైరు ఎత్తు ఆ వెడల్పులో నూటికి ఎంతో చెబుతుంది, అంటే 81 మిల్లీమీటర్లు. 21 రిమ్ము అంగుళాలు. తర్వాత 54ఎస్ అని ఉంటే, 54కు 212 కిలోల బరువు మోయగలదని, ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుందని అర్థం. వెనుక టైరుకు 64 ఉంటే 280 కిలోలు. ఇవి పట్టికలో స్థిరంగా ఉన్న అంకెలు, మన బుద్ధి కొద్దీ మారవు. ఇంకొకటి, పక్కన నాలుగంకెలు. 2324 అని ఉంటే 2024లో ఇరవై మూడో వారంలో తయారైందని. కొట్టువాడు నాలుగేళ్ళ నాటి సరుకును కొత్తదని అంటగడితే ఆ అంకెలు చూపించండి. ఎండ తగిలిన రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది. టీడబ్ల్యూఐ అని ఉన్నచోట గాటు లోపల చిన్న దిమ్మె ఉంటుంది. అరుగుదల అక్కడి దాకా వస్తే ఆ టైరు రోజులు తీరినట్టే.

టైరు మీది బాణం గుర్తు కూడా చూడాలి. తిరిగే దిక్కును బట్టి బిగించాలి. మా వీధి మెకానిక్కు ఒకసారి తిరగేసి బిగించి, "పర్లేదు సార్, గుండ్రంగానే ఉంది కదా," అన్నాడు.

ఇక గాట్ల సంగతి. రోడ్డు టైరులో రబ్బరు ఎక్కువ, ఖాళీ తక్కువ. తారు గట్టి నేల, కాబట్టి ఎంత రబ్బరు ఆనితే అంత పట్టు. మట్టి టైరులో దిమ్మెలు దూరదూరంగా ఉంటాయి, మనవాళ్ళు బటన్ టైరు అంటారు. మట్టి మెత్తటిది కనుక దిమ్మె అందులో దిగి అంచుతో పట్టుకోవాలి. బురద దిమ్మెల మధ్య నిండితే తిరిగేటప్పుడు విదిలించుకునేంత ఖాళీ ఉండాలి, లేకపోతే అది బురద పూసిన లడ్డూ అవుతుంది. కానీ ఆ దిమ్మెలే తారు మీదికి వచ్చేసరికి నిలబడలేక అటూ ఇటూ ఊగుతాయి. మలుపులో బండి ఎవరో తోస్తున్నట్టు ఉంటుంది. తడి తారు మీద ఆనే రబ్బరు తక్కువ కనుక బ్రేకు వేస్తే ఆగే దూరం పెరుగుతుంది. త్వరగా అరుగుతాయి, తేనెటీగల్లా రొద పెడతాయి. కంపెనీలవాళ్ళు ఎనభైకి ఇరవై, యాభైకి యాభై, ఇరవైకి ఎనభై అని తారుకూ మట్టికీ వంతులు చెబుతారు. దానికి ఐఎస్ఐ ముద్రలాంటిదేదీ లేదు, ఎవరి వంతు వారు చెప్పుకున్నదే. గాట్లు చూసి మనమే అంచనా వేసుకోవాలి.

మా మేనల్లుడి బండికి అచ్చమైన బటన్ టైర్లున్నాయి. వాణ్ణి అడిగి ఒక ఆదివారం తీసుకున్నాను. వాన పడుతున్న రోజే కావాలని. నెలమంగల దాటాక ఫ్లైఓవరు మీద ముందు లారీ ఆగితే బ్రేకు వేశాను. ఆగింది, కాని నా ప్రాణం ఇంకో రెండు గజాలు ముందుకు పోయి ఆగింది. నూట అరవై కిలోమీటర్లు ఆ భయంతో, ఆ రొదతో, వెనుక విరిగి అతికిన చేత్తో ఆవిడ? వద్దనుకున్నాను.

మధ్యరకమే మిగిలింది. నడుమ దిమ్మెలు దగ్గరగా ఉండి తారు మీద ఆనేవి, భుజాల వైపు దూరంగా ఉండి మట్టిలో పట్టేవి. ఖరీదు లెక్క కూడా వేశాను, మానలేను కదా. రోడ్డు టైరు 4,200 రూపాయలు, పద్నాలుగు వేల కిలోమీటర్లు వస్తుందని మెకానిక్కు అంచనా, కిలోమీటరుకు ముప్ఫై పైసలు. మధ్యరకం 4,800, తొమ్మిది వేలు వస్తుందన్నాడు, అంటే యాభై మూడు పైసలు. ఏడాదికి మేం తిరిగేది 4,200 కిలోమీటర్లు. తేడా ఏడాదికి వెయ్యి రూపాయలకు లోపు. మణికట్టుకు అయిన ఖర్చులో అది ఏపాటిదో ఇక్కడ రాయను, ఆవిడ చదువుతుంది.

అయినా కొనలేదు. బెంగుళూరు కొట్లలో ఎవరిని అడిగినా తమ దగ్గరున్నదే మంచిదంటారు. నేనొక్కణ్ణే పాత టైరుతోనే నిదానంగా పావగడ వెళ్ళాను, మందులు ఇచ్చి రావడానికి. శనివారం. శని మహాత్మ స్వామి గుడి దగ్గర నువ్వుల నూనె వాసన, రెండు రాష్ట్రాల బస్సులు, జనం. ఆ వెనుక కొండ మీద కోట. ఊరి పేరులోనే పాము ఉందని ఇక్కడివాళ్ళు చెబుతారు. బస్టాండుకు అవతల పంక్చరు వేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, నేను బ్రాంచిలో ఉన్న రోజుల నుంచీ. నన్ను గుర్తుపట్టాడు. నా వెనుక టైరు మీద అరచెయ్యి పెట్టి నిమిరి, "ఇది బెంగుళూరు టైరు సార్," అన్నాడు. తర్వాత బొటనవేలితో నొక్కి, "గాలి ఎవరు కొట్టినారు? రాయి మాదిరి ఉండాది. టైరు జారలేదు సార్, గాలి జారింది."

ఎంత చదివినా ఈ మాట నాకు తట్టలేదు. టైరు తప్పు కొంత, నా తప్పు ఎక్కువ. గట్టిగా గాలి కొట్టిన టైరు నేల మీద బొట్టుబిళ్ళంతే ఆనుతుంది. గాలి కొంచెం తగ్గితే ఆనే చోటు పెరుగుతుంది, గులకరాయిని చుట్టుకుని పట్టుకుంటుంది. మట్టిలోకి దిగేముందు నాలుగైదు పాయింట్లు తగ్గించమన్నాడు, తారెక్కేటప్పుడు మళ్ళీ కొట్టుకోమన్నాడు. మరీ తగ్గిస్తే ట్యూబు రాయికీ రిమ్ముకూ మధ్య నలిగి పాము కాటేసినట్టు రెండు చిల్లులు పడతాయట. ఆ ఊళ్ళో పాము మాట రాకుండా ఏదీ ఉండదు కాబోలు.

"ముందుది ఎట్లాంటిది వేయమంటావయ్యా?" అన్నాను.

"ముందు దానికే మంచిది ఏసుకోండి సార్. వెనుక జారితే కాలు పెట్టి సర్దుకుంటారు. ముందు జారితే సర్దుకునేదేం ఉండదు, పడేదే. చానామంది వెనుకదానికి దుడ్డు పెడ్తారు, ముందుదాన్ని అరిగేదాకా ఉంచుకుంటారు."

నేను కూడా అదే చేశాను. ముందు టైరు తేదీ చూస్తే అయిదేళ్ళు దాటింది.

ముళ్ళ సంగతి కూడా ఆయనే చెప్పాడు. ఈ తాలూకాలో సర్కారు తుమ్మ ఎంత ఉందో చూసినవాళ్ళకు తెలుసు. కరువు నేలలో అది తప్ప ఇంకేదీ అంత సులువుగా పెరగదు. కంపలు కొట్టి బాట పక్కన వేస్తారు, ఎండిన ముల్లు మేకు కన్నా గట్టిది. ట్యూబ్‌లెస్ టైరులో అయితే ముల్లు దిగినా గాలి నెమ్మదిగా పోతుంది, ఊరు చేరవచ్చు. నా బండి స్పోకుల రిమ్ముకు ట్యూబు తప్పదు కనుక దిగిందంటే కూర్చోవాల్సిందే. పైన దిమ్మెలు ఎత్తుగా ఉంటే ముల్లు లోపలిదాకా రావడానికి కొంచెం దూరం. లోపల మందం ట్యూబు వేయమన్నాడు. రెండూ వేయించాను. కాలితో కొట్టే పంపు, గాలి కొలిచే గడియారం కొన్నాను.

ఏ కంపెనీ అని మిత్రులు అడుగుతున్నారు. మన దేశంలో తయారయ్యేవే మంచివి చాలా ఉన్నాయి. 1946లో మదరాసులో పిల్లల బుడగలు చేసే పనిగా మొదలైన ఎంఆర్‌ఎఫ్ ఇప్పుడు మన మెదక్ వైపు సదాశివపేటలోనూ టైర్లు చేస్తోంది. ఇంకా సియట్ ఉంది, మదురై వాళ్ళ టీవీఎస్ ఉంది. పేరు కన్నా గాట్లు, తేదీ, బరువు అంకె చూడమనే నా సలహా. ముందూ వెనుకా ఒకే జాతివి వేయించండి. ముందు రోడ్డుదీ వెనుక బటనుదీ వేస్తే బండి రెండు మనసులతో నడుస్తుంది.

వచ్చేటప్పుడు తిరుమణి వైపు చుట్టు తిరిగి వచ్చాను, ఆ సౌర విద్యుత్ పార్కు చూద్దామని. తిరుమణి, బళసముద్ర, క్యాతగానచెర్లు, వళ్ళూరు, రాయచెర్లు, అయిదు ఊళ్ళ పొలాలు, పదమూడు వేల ఎకరాలు, 2,050 మెగావాట్లు. 2019 చివరికి పూర్తయింది. రైతుల దగ్గర కొనలేదు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలుతో మొదలుపెట్టారు. ఈ పొలాల్లో నేను 1996లో సెనక్కాయ పంటకు లోనులిచ్చాను. వాన రాక, కాయ నిండక, వసూలుకు పోతే రైతు గడ్డి పీకి చేతిలో పెట్టి చూపించిన గట్టు ఎక్కడుందో ఇప్పుడు గుర్తుపట్టలేను. కనుచూపు మేర నల్లటి అద్దాలు. భూమి ఉన్నవాడికి వాన పడినా పడకపోయినా డబ్బు వస్తోంది, మంచిదే. ఆ చేలల్లో కలుపు తీసి బతికినవాళ్ళకు కౌలు రాదు. పార్కు రోడ్లు మాత్రం మా పల్లె బాట కన్నా వెయ్యిరెట్లు నయం.

టైర్లు మార్చిన నెలకు ఇద్దరం బయల్దేరాం. ఆవిడ ఎక్కేముందు చక్రాలు రెండూ చూసి ఏమీ అనలేదు. పావగడలో గాలి తగ్గించాను. పడిన చోటికి రాగానే, "ఆపండి, నేను నడుస్తాను," అన్నది. దిగి కొంగు నడుముకు దోపుకుని, ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని వంక దిగింది. నేను ఖాళీ బండిని ఆవిడ నడక వేగంతో పక్కనే పోనిచ్చాను. గరుసులో దిమ్మెలు కరకరమంటూ పట్టుకున్నాయి. వంకలో ఇసుక మాత్రం ఎప్పటిలాగే కొంచెం ఈడ్చింది. ఏ టైరుకూ అన్నీ రావు. అవతలి గట్టెక్కాక ఆగాను. "ఎక్కనా?" అన్నది. "నీ ఇష్టం," అన్నాను. ఎక్కింది.

అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు. కూతురి చెయ్యి చూశారు, ఆడిటు సంగతి ఎవరో ముందే చెప్పేసినట్టున్నారు, నన్నేమీ అడగలేదు. చుక్కల మందు తీసుకుని బండి దగ్గరికి వచ్చి టైరు తడిమారు.

"దీనికి పండ్లొచ్చినాయే!"

భోజనం అయ్యాక చూస్తే, ఆమె ముళ్ళు తీసే పట్టకారు పట్టుకుని వెనుక చక్రం పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. కళ్ళు సరిగా ఆనకపోయినా వేళ్ళతో వెతికి ఒక్కో ముల్లూ లాగి కొంగులో వేసుకుంటున్నారు. "చక్రం కొంచెం తిప్పప్పా," అన్నారు. తిప్పాను. మొత్తం ఏడు ముళ్ళు. గాలి కొలిచి చూశాను, పావగడలో పెట్టినంతే ఉంది.